అజామిళుని లజ్జ – నిగమశర్మ యక్క

తన దోషముల నెఱిఁగిన మనుజుఁడు తన్నుఁ బ్రేమార్హునిగా భావించుకొనఁగలఁడా యను ప్రశ్నకు మన పురాణకవులు వాదరూపమునఁ గాక కథారూపమున సమాధాన మిచ్చిరి. అట్టి కథలలో అజామిళోపాఖ్యానమును, నిగమశర్మోపాఖ్యానమును తోఁబుట్టువుల వంటివి. మొదటిది భాగవత షష్ఠస్కంధము లోనిది. ఆంధ్రమహాభాగవతమున నా స్కంధమును తెనిఁగించినవాఁడు సింగన. రెండవది 16వ శతాబ్దికిఁ జెందిన తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యము లోనిది. వీని పోలికలను గూర్చి పెద్దలు వ్రాసియున్నారు. మే మిచట నొక భేదమును మాత్రమే చూపఁదలఁచితిమి.

అజామిళుని కథను తరగతిలో నామమహిమతో ముగించుట పరిపాటి. కన్యాకుబ్జమున నొక బ్రాహ్మణుఁడు దాసీసంగమమునఁ జెడి, 88 ఏండ్లు గడచిన పిదప, మరణసమయమునఁ బదిమంది కొడుకులలోఁ గడగొట్టువాఁడైన నారాయణుని పేరెత్తి పిలిచెను. విష్ణుదూతలు వచ్చి యమపాశమును విడిపించిరి. కాని కథ యంతటితోఁ దీఱలేదు. పాశము తెగునప్పటికి వానికిఁ బశ్చాత్తాపము లేదు. ఉన్నవి భయమును, పసివానిపై మమకారమును. దూతల వాదమును విన్న తరువాతఁ గదా వానికి సిగ్గు గలిగినది! వేఱు దిక్కులేని ముదుసలి తల్లిదండ్రులను, వయసులోనున్న యిల్లాలిని విడిచితినని వాఁడప్పుడు తన్నుఁ దాను నిందించుకొనును. విడుదల ముందు, పరితాపము వెనుక. పాఠము చెప్పువా రీ క్రమమును తాఱుమాఱు చేసిన, కథ యొక సామాన్యనీతికథగా మాఱిపోవును.

ఆ పరితాపమున నింకొక సూక్ష్మమున్నది. తా నొక కొసను, మంగళకరమైన భగవన్నామ మొక కొసను నుండ, రెంటికి నెక్కడి పొత్తని వాఁ డచ్చెరువొందును. అయినను, తాను పాపి గనుక ఈ యాదరణము తనది కాదని త్రోసివేయఁడు. ఆదరణము లభించినది గనుక తాను పాపి కాఁడనియు ననుకొనఁడు. రెంటిని గూడఁ బట్టుకొని, మఱల నందు మునుఁగకుండ యత్నింతునని గంగాద్వారమునకుఁ బోవును. ఇది మిక్కిలి కష్టమైన పని. మా విద్యార్థులలోఁ బెక్కుమంది వీనిలో నొకదానిని వదలి రెండవదానినే సమర్థింతురు. మేమును జదువుకొను దినములలో నట్లే చేసితిమి.

శ్రీవైష్ణవాచార్యు లీ విషయమును వాత్సల్యశబ్దము నాశ్రయించి విచారించిరి. వత్సమనఁగా దూడ. ఈనిన యావు దూడ మేని మాలిన్యమును నాకును. పిళ్లై లోకాచార్యులు ఆశ్రితుని దోషము భగవంతునికి భోగ్యమే యనిరి. వేదాంతదేశికుల సంప్రదాయమున దోషమును గణింపకుండుటయే వాత్సల్యము. తెంకలై వడకలైల భేదములలో నిది యొకటి. మాకు రెండవ పక్షమే రుచించును. నాకుచున్న యావు ఆ మాలిన్యమును దొలఁగించుచునే యున్నది గదా.

నిగమశర్మ కట్టి వాత్సల్యము పుట్టింటనే లభించినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 'నిగమశర్మ అక్క' యను వ్యాసమున నా పేరులేని పాత్రను సాహిత్యలోకమునఁ జిరస్థాయిగా నిలిపిరి. ఆమె భర్తతో బిడ్డలతో వచ్చి, తమ్మునికి నీళ్లు పోసి, అన్నము పెట్టి, ఆ మీఁదనే బుద్ధి చెప్పినది. వాఁడు కొన్నాళ్లు ఇల్లు కదలలేదు. పిమ్మట నొక రాత్రి యింటివారి నగలన్నియు మూటఁగట్టుకొని పాఱిపోయెను. తెల్లవాఱిన తరువాత అక్క తన ముక్కఱకై యేడ్చినది. ఈ యేడ్పును జూచి యామె ప్రేమను శంకించుట న్యాయము కాదు. ఆమెకుఁ దమ్ముఁడును గావలెను, ముక్కఱయుఁ గావలెను. భగవంతునకు ముక్కఱ లేదు గనుక ఆయన వాత్సల్యమున కట్టి చిక్కు లేదు.

కడకు నిగమశర్మకును ముక్తి గలిగినది. ఆలుబిడ్డలను గోల్పోయి నరసింహక్షేత్రమునఁ బ్రాణము విడిచినందున క్షేత్రమహిమ వానిని గాచినది. ప్రేమింపఁబడితినని తెలిసికొని సిగ్గుపడుటకు వానికి వ్యవధి లేకపోయినది. అజామిళునకు వ్యవధి దొరకినది. కాని గంగాద్వారమునకుఁ బోయిన యతఁడు మఱలి రాలేదు. విడిచిన యిల్లాలి మాట కథలో మఱల వినరాదు. అక్క ముక్కఱయుఁ దిరిగి రాలేదు.