కేకు కాదు, టీ చూడండి

ఆఫీసులో పుట్టినరోజు కేకు వద్దంటే ‘ఎందుకు?’ అంటారు. పీసీఓఎస్ ఉన్న ఉద్యోగిని జవాబివ్వాలంటే నెలసరి సంగతి చెప్పాలి. అందుకే చాలామంది తినేస్తారు.

పునరుత్పత్తి వయసు మహిళల్లో 8–13 శాతం మందికి ఈ సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది. వీరిలో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. శరీరం ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. అది అండాశయాల్లో ఆండ్రోజెన్లను పెంచుతుంది; నెలసరి తప్పుతుంది, మొటిమలొస్తాయి.

అసలు చిక్కు ఎప్పుడో వచ్చే కేకుతో కాదు, రోజువారీ టీతో. రెండేసి చెంచాలతో మూడు కప్పులంటే దాదాపు 25 గ్రాముల చక్కెర. రోజు మొత్తానికి అంతకు మించకుంటే మేలని ఆ సంస్థే చెబుతోంది. మెషీన్ టీ పొడిలో చాలాచోట్ల చక్కెర ముందే కలిసి ఉంటుంది, తగ్గించమనే వీలే లేదు. ఇంటి ఫ్లాస్కు, డ్రాయర్లో గుప్పెడు వేయించిన సెనగలు ఉంటే సాయంత్రం నాలుగు గంటల ఆకలి గట్టెక్కుతుంది.