టెన్షన్ తీర్చేది సిగరెట్టేనా?



బుచ్చిరెడ్డిపాలెం బస్టాండు దగ్గర టీ తాగుతూ సిగరెట్ వెలిగించే సహోదరుణ్ణి అడిగి చూడండి. "మానేద్దామనే ఉందయ్యగారూ, అది లేకపోతే టెన్షన్ తగ్గడం లేదు" అంటాడు. సాకు అని కొట్టిపారేస్తాం. అతను అబద్ధం చెప్పడం లేదు. టెన్షన్ నిజంగానే తగ్గుతోంది. కానీ అందులో చాలావరకు సిగరెట్ తెచ్చిపెట్టిందే.

పొగ పీల్చిన 10, 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే సహజ రసాయనం కోసం ఉన్న గ్రాహకాలలో, దొంగ తాళంచెవిలా దూరుతుంది. వెంటనే హాయినిచ్చే డోపమైన్ విడుదలవుతుంది. రోజూ ఇలాగే జరిగితే మెదడు ఆ గ్రాహకాల సంఖ్య పెంచుకుంటుంది. రక్తంలోని నికోటిన్ సుమారు 2 గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, ఆందోళన మొదలవుతాయి. ఆదివారం ప్రసంగం మధ్యలో కాళ్లు ఊపుతూ గడియారం చూసే వాళ్లందరికీ వాక్యమంటే ఆసక్తి లేదనుకోకండి. కొందరిలో నికోటిన్ తగ్గిపోయి ఉంటుంది, అంతే. బయటికెళ్లి ఒకటి కాల్చగానే కుదుటపడతారు. పొగతాగని మనిషికి ఆ ఇబ్బందే ఉండదు.

పొగలో నికోటిన్ ఒక్కటే లేదు. డోపమైన్‌ను విరగ్గొట్టే మోనోఅమైన్ ఆక్సిడేజ్-బి అనే ఎంజైము పొగతాగేవారి మెదడులో దాదాపు 40 శాతం తక్కువగా ఉందని 1996లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జోవన్నా ఫౌలర్ బృందం చూపింది. పొగలోని ఇతర పదార్థాలు దాన్ని అణచివేస్తాయి. అలవాటు అంత గట్టిగా పట్టుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఇక హార్మోన్ల సంగతి. మనసు తేలికైందనుకున్న ఆ నిమిషంలోనే అడ్రినలిన్ పెరిగి గుండె వేగం, బీపీ ఎక్కుతాయి. ఒత్తిడి హార్మోన్ కార్టిసోల్ కూడా పెరుగుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకే పొగతాగేవారికి టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం 30 నుంచి 40 శాతం ఎక్కువ. పొగతాగే స్త్రీలలో ఈస్ట్రోజన్ దెబ్బతిని నెలసరి ఏడాది, రెండేళ్లు ముందే ఆగిపోతుంది.

మానేస్తే దిగులు పెరుగుతుందని చాలామంది భయం. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన దీనికి విరుద్ధంగా తేల్చింది: మానేసినవారిలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయి. అయితే ముందు కష్టకాలం దాటాలి. మొదటి రెండు మూడు రోజులు చాలా గట్టివి. రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది.

మనం పొరపాటు పడేది ఇక్కడే. సాక్ష్యకూటంలో "మానేశాను" అన్నవాడికి చప్పట్లు కొడతాం. పదోరోజు బంకు దగ్గర కనబడితే విశ్వాసం చాలలేదంటాం. అతను సిగ్గుతో గుడికి రావడం మానేస్తాడు, సిగరెట్ మాత్రం మానడు. ఆ వారాల్లో అతను ఇంట్లో విసుక్కుంటే అది నికోటిన్ లేని మెదడు చేసే గొడవ అని భార్యాపిల్లలకు ముందే చెప్పాలి. ప్రార్థనతోపాటు నికోటిన్ గమ్ గురించి డాక్టరును అడగమనాలి. మానసిక రోగాలకు మందులు వాడేవారు మానే ముందే డాక్టరుకు చెప్పాలి. పొగ ఆగితే కొన్ని మందుల మోతాదు మార్చాల్సి వస్తుంది.

సిగరెట్ పెట్టె మీదే ఒక ఉచిత నంబరు ఉంటుంది, 1800-11-2356. ప్రభుత్వ సలహాదారులతో తెలుగులోనే మాట్లాడవచ్చు. వచ్చే ఆదివారం ప్రకటనల్లో సంఘ కార్యదర్శి దాన్ని రెండుసార్లు చదివితే చాలు, ఎవరు రాసుకుంటున్నారో ఎవరూ చూడనక్కరలేదు.