విద్యార్థుల మనోనిలకడ – బడిలో ఐదు నిమిషాల మౌనం చాలునా?

పిల్లవాడు చదువులో వెనుకబడితే "వాడికి ధ్యాస లేదు" అంటాము. ధ్యాస పుట్టుకతో రావలసిన గుణమనీ, లేకపోతే మందలించి తెప్పించవచ్చుననీ అనేకుల భావన. వాస్తవానికి అది అభ్యాసం వలన అలవడే శక్తి. శరీరానికి వ్యాయామం ఎట్టిదో మనస్సుకు ఈ అభ్యాసం అట్టిది. నేడు ‘మైండ్‌ఫుల్‌నెస్’ అనే పేరుతో దేశదేశాల పాఠశాలలలో ప్రవేశపెడుతున్నది దీనినే.

ఈ విషయాన్ని తేలికగా తీసుకొనరాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పిల్లల మనస్సును కాపాడడం మార్కుల కంటే ముందు చూడవలసిన పని అని ఈ ఒక్క సంఖ్యయే చెబుతున్నది. బడిలో రోజూ కొద్ది నిమిషాల మౌనం ఇందుకు చాలునా? చాలకపోతే ఇంకేమి కావలెను?

ఈ విద్య మనకు కొత్తది కాదు

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని ఉప్మాక గ్రామం గరుడాద్రిపై వెలసిన వేంకటేశ్వరస్వామి క్షేత్రంగా ప్రసిద్ధం. కొండ మెట్లు ఎక్కే భక్తుడు ఒక్కొక్క మెట్టునూ చూచి అడుగు వేస్తాడు. నామం పలుకుతూ శ్వాసను నిలుపుకుంటాడు. మనస్సు పక్కకు పోతే నామం దానిని వెనుకకు తెస్తుంది. మనస్సు చెదరడం, చెదరినదని గుర్తించడం, నొచ్చుకొనక మరల తెచ్చుకోవడం – ఈ విద్య సారమంతా ఈ మూడింటిలోనే ఉన్నది.

ఇదే జిల్లాలో శంకరం గ్రామం వద్దనున్న బొజ్జన్నకొండ ప్రాచీన బౌద్ధ క్షేత్రం. బౌద్ధులు ఈ ఎరుకను పాళీ భాషలో ‘సతి’ అన్నారు. సంస్కృతంలో అదే ‘స్మృతి’. 1881లో రీస్ డేవిడ్స్ అనే ఆంగ్ల పండితుడు ఆ మాటకు ‘మైండ్‌ఫుల్‌నెస్’ అనే అనువాదం చేశారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్ జిన్ దీనిని ఎనిమిది వారాల శిక్షణగా రూపొందించి రోగులకు నేర్పారు. అక్కడి నుండి అది క్రమంగా బడులకు చేరినది.

ఆయుర్వేదం సైతం స్మృతికి ఉన్నత స్థానమిచ్చినది. ధీ, ధృతి, స్మృతి అనే మూడూ చెడినప్పుడు మనిషి తనకు హానిచేసే పనిని తానే చేస్తాడనీ, అదే ప్రజ్ఞాపరాధమనీ, అనేక రోగాలకు అదే మూలమనీ చరక సంహిత చెబుతున్నది. రాత్రి పదకొండు గంటలకు సెల్‌ఫోన్ పట్టుకున్న పిల్లవానిని చూడండి. నిద్రపోవాలని వానికి తెలియక కాదు. తెలిసినదానిపై నిలబడే ధృతి చాలక. అతనికి కావలసినది ఉపన్యాసం కాదు, అభ్యాసం.

ప్రభుత్వాలు పట్టిన మార్గాలు

ప్రజల సుఖశాంతులను ధనంతో మాత్రమే కొలవరాదని భూటాన్ 1970ల నాటి నుండి చెబుతున్నది. 2008 నాటి ఆ దేశ రాజ్యాంగంలో సైతం ఈ ఆశయం చేరినది. అక్కడి ఆనంద సూచికలోని తొమ్మిది విభాగాలలో మానసిక క్షేమం ఒకటి, కాలాన్ని గడిపే తీరు మరొకటి. నిద్ర ఎన్ని గంటలు, పని ఎన్ని గంటలు అన్నది కూడా అందులో లెక్కకు వస్తుంది. న్యూజిలాండ్ 2019లో ప్రజాక్షేమం పేరిట ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి ప్రాధాన్యమిచ్చినది.

మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2018 జూలైలో నర్సరీ నుండి ఎనిమిదవ తరగతి వరకు ఆనంద పాఠ్యక్రమం ప్రారంభించినది. మార్కులు, పరీక్షలు లేని ఆ తరగతి కొద్ది నిమిషాల మౌనంతో మొదలై, కథలతో, చర్చలతో సాగేది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ‘ఆనంద వేదిక’ అనే పేరుతో ఇట్టి కార్యక్రమమే మొదలైనది.

పరిశోధనలో తేలినది

ఆశయం మంచిదే. ఫలితం మాటేమిటి? బ్రిటన్‌లో 85 పాఠశాలలలో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలపై ఒక పెద్ద పరిశోధన జరిగినది. 11 నుండి 13 ఏళ్ల పిల్లలలో కొందరికి ఈ శిక్షణ ఇచ్చారు, మిగిలినవారికి మామూలు పాఠాలే చెప్పారు. 2022లో వెలువడిన ఫలితాలు అనేకులను ఆశ్చర్యపరచినవి. శిక్షణ పొందిన పిల్లల మానసిక స్థితి ఇతరుల కంటే మెరుగుపడలేదు. వారిలో అత్యధికులు ఇంటివద్ద అభ్యాసమే చేయలేదు. అయితే ఉపాధ్యాయులలో మాత్రం పని అలసట కొంత తగ్గినది.

దీనినిబట్టి ఈ విద్య వ్యర్థమని తలచరాదు. ఔషధం మంచిదైనా పథ్యం లేకపోతే పనిచేయదని వైద్యులు చెప్పరా? ఇదీ అట్టిదే. గంట కొట్టి కళ్లు మూయించినంత మాత్రాన మనస్సు నిలువదు. ముందు చెప్పేవారి మనస్సు నిలవాలి. పిల్లల దినచర్య అందుకు అనుకూలించాలి.

పథ్యమనదగిన మూడు స్తంభాలు

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం – ఈ మూడూ శరీరాన్ని నిలిపే ఉపస్తంభాలని చరకుని మాట. పిల్లల విషయంలో మూడవదానిని ఇంద్రియాలకు హద్దు పెట్టడంగా గ్రహించవచ్చు.

ఆహారం: ఖాళీ కడుపుతో బడికి వెళ్లిన పిల్లవానికి ధ్యాస ఎక్కడిది? 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో వారానికి మూడు రోజులు ఉదయం రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. పేరులో ధ్యానం లేకపోయినా అదీ మనోనిలకడకు తోడ్పడే పనియే.

నిద్ర: 6 నుండి 12 ఏళ్లవారికి రోజుకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏళ్లవారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణులు నిర్ణయించారు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదింటి వరకు ట్యూషన్ ఉన్న పిల్లవానికి ఇది ఎట్లు సాధ్యం? నిద్రను దోచి, ఐదు నిమిషాల ధ్యానం చేతిలో పెట్టడం అప్పు తీసుకున్నవాడు వడ్డీలో పైసా చెల్లించినట్లుంటుంది.

ఇంద్రియ నియమం: భోజనం వేళ, పడుకొనడానికి ఒక గంట ముందు సెల్‌ఫోన్, టీవీ ఉండరాదు. ఈ నియమం పెద్దలకూ వర్తించాలి. పెద్దలు పాటించనిది పిల్లలు పాటించరు.

ఇంటివద్ద చేయదగిన అభ్యాసం

1. ఉదయం ముఖం కడిగిన తరువాత పిల్లలను వెన్ను నిటారుగా ఉంచి కూర్చోబెట్టవలెను. తల్లి గాని తండ్రి గాని పక్కన కూర్చొనవలెను.

2. సహజంగా వచ్చిపోయే శ్వాసను గమనిస్తూ ఒకటి నుండి పది వరకు లెక్కించవలెను. లెక్క తప్పితే మరల ఒకటి నుండి మొదలుపెట్టవలెను. శ్వాసను బిగబట్టనక్కరలేదు.

3. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు రెండు నిమిషాలు చాలును. వారికి శ్వాస కంటే శబ్దాలు సులభం. గుడి గంట, కాకి అరుపు, కుళాయి చప్పుడు – ఎన్ని వినబడినవో చెప్పమనవలెను. పెద్ద పిల్లలు ఐదు నిమిషాలు చేయవచ్చును.

4. భోజనంలో మొదటి మూడు ముద్దలు మాటలాడక, రుచిని గమనిస్తూ తినవలెను.

5. రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లు మర్దించవలెను. ఇది సుఖనిద్రకు తోడ్పడునని ఆయుర్వేద సంప్రదాయం.

ఈ అభ్యాసాన్ని శిక్షగా ఎన్నడూ వాడరాదు. "అల్లరి చేశావు, పోయి ధ్యానం చేయి" అంటే పిల్లవానికి దానిపై జీవితాంతం విముఖత కలుగుతుంది.

హెచ్చరిక

కళ్లు మూసుకుంటే భయపడే పిల్లలను బలవంతపెట్టరాదు. కళ్లు తెరచి చేయనివ్వవలెను. జ్ఞాపకశక్తికని బ్రాహ్మి మొదలగు ఔషధాలను వైద్యుని సలహా లేక ఇవ్వరాదు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, ఒంటరిగా ఉండడం కనబడితే వైద్యుని చూపవలెను. చావు మాట ఒక్కసారి వినబడినా ఆలస్యం చేయరాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చును, తెలుగులోనూ మాటలాడవచ్చును.

తల్లిదండ్రులు అడుగవలసినవి

ఈసారి మీ పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల గురించి మాత్రమే కాక మూడు ప్రశ్నలు అడగండి. పిల్లలకు ఆటకు రోజూ ఎంత సమయమిస్తున్నారు? ఇంటిపని ముగించి ఎన్ని గంటలకు పడుకొనగలుగుతున్నారు? మనస్సు బాగాలేని పిల్లవాడు భయం లేక వెళ్లి చెప్పుకొనడానికి బడిలో ఎవరున్నారు? వీటికి సరియైన సమాధానాలున్న బడిలో ఐదు నిమిషాల మౌనం అమృతతుల్యం. లేనిచోట అది టైంటేబుల్‌లో మరొక పీరియడ్ మాత్రమే.