నియోజకవర్గముల ఎల్లలు

పొలము గట్టు జానెడు జరిగినచో మన రైతు ఊరకుండడు. సర్వేయరును పిలిపించును, పాతిన రాయిని వెదకించును, ఊరి పెద్దల నడుగును, అప్పటికిని న్యాయము జరుగకున్న కోర్టు కెక్కును. ఆ రైతే తన గ్రామము నొక నియోజకవర్గమునుండి తీసి మరియొక నియోజకవర్గమున చేర్చిన దినమున ఆ సంగతి యెరుగడు. ఎన్నికలు వచ్చిన పిమ్మట వోటరుల పట్టికపై క్రొత్త పేరు చూచి ఆశ్చర్యపడును. గట్టు జరిగినచో పోవునది జానెడు నేల. నియోజకవర్గము ఎల్ల జరిగినచో, ఆ గ్రామము చెరువుకట్టను గూర్చి శాసనసభలో నోరు విప్పవలసిన మనుష్యుడే మారిపోవును. ఇంత ముఖ్యమగు విషయమున ప్రజ లింత ఉదాసీనులై యుండుట దేశమునకు మంచిది కాదు. కావున తెలుగుదేశమున ఈ ఎల్లలు ఎట్లు పుట్టినవో, ఎట్లు మారినవో, ఎట్లు కదలక నిలిచిపోయినవో పాఠకులకు విన్నవింపదలచితిమి.

పరప్రభుత్వము గీచిన గీతలు

1919 నాటి ఇండియా ప్రభుత్వ చట్టము ననుసరించి 1920లో చెన్నరాజధాని శాసనసభకు ఎన్నికలు జరిగినవి. ఆ సభలో 98 మంది ఎన్నికైన సభ్యులు. ఆ స్థానములు ఊళ్లనుబట్టియే గాక మతములనుబట్టి, వృత్తులనుబట్టి, ఆస్తులనుబట్టి కూడ పంచబడినవి. మహమ్మదీయులకు వేరు, దేశీయ క్రైస్తవులకు వేరు, ఐరోపీయులకు వేరు, జమీందారులకు వేరు, వర్తక సంఘములకు వేరు. సామాన్య నియోజకవర్గములలో సయితము 28 స్థానములు బ్రాహ్మణేతరులకు ప్రత్యేకింపబడినవి. వోటు కొంత పన్ను చెల్లించు వారికే గాని ప్రజలందరికి లేదు.

1935 నాటి చట్టము ఈ పద్ధతిని మరింత విస్తరింపజేసెను. చెన్నరాష్ట్ర శాసనసభలో 215 స్థానములు ఏర్పడెను. వానిలో సామాన్య స్థానములు 146. ఆ సామాన్య స్థానములలో 1932 నాటి పూనా ఒడంబడిక ననుసరించి షెడ్యూల్డు కులములకు చెందినవి 30. మిగిలినవానిలో మహమ్మదీయులకు 28, క్రైస్తవులకు 8, స్త్రీలకు 8, జమీందారులకు 6, వర్తకులకు 6, కార్మికులకు 6, ఐరోపీయులకు 3, ఆంగ్లో ఇండియనులకు 2, విశ్వవిద్యాలయమునకు ఒకటి, వెనుకబడిన ప్రాంతములకు ఒకటి. 1937 ఎన్నికలలో కాంగ్రెసు ఇట్టి సభలోనే 159 స్థానములు గెలిచి మంత్రివర్గమును ఏర్పరచెను. పరప్రభుత్వము నేలను పంచుటకు ముందు మనుష్యులను పంచెను. ఒకే వీధిలో నివసించు ఇరుగుపొరుగువారు ముగ్గురు మూడు నియోజకవర్గములలో ముగ్గురు ప్రతినిధుల నెన్నుకొనుచుండిరి. అట్టి ఏర్పాటులో ఊరికి ఉమ్మడి నోరు ఎట్లుండును?

నేల పంపకము కూడ అదే కాలమున జరిగెను. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు బరంపురము, పర్లాకిమిడి, జయపురము మన చేయి దాటినవి. పర్లాకిమిడి జమీ రెండుగా చీలెను. పట్టణము ఒరిస్సాకు పోయెను, పాతపట్నము వైపు గ్రామములు చెన్నరాష్ట్రమున నిలిచెను. గంజాము జిల్లాలో మనకు మిగిలిన భాగము విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. అంతవరకు ఒక శాసనసభకు ప్రతినిధులను పంపిన కుటుంబములు ఏటి కిరుగట్టుల రెండు శాసనసభలకు పంపవలసి వచ్చెను.

వయోజన వోటు - ద్విసభ్య స్థానములు

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1950 నాటి రాజ్యాంగము ఈ వేర్పాటు నియోజకవర్గముల నన్నిటిని ఒక్క వ్రేటుతో తొలగించెను. వయసు వచ్చిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునకు వోటు లభించెను. ఇక నియోజకవర్గ మనగా నేలయే, ఆ నేలపై నివసించు వారందరును. 1952 ఎన్నికలలో చెన్నరాష్ట్ర శాసనసభకు 375 స్థానములు, హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు 175 స్థానములు.

అయితే ఆనాడు కొన్ని నియోజకవర్గములకు ఇద్దరేసి సభ్యులుండిరి. ఒక స్థానము సామాన్యము, రెండవది షెడ్యూల్డు కులములకో తెగలకో ప్రత్యేకింపబడినది. వోటర్లు మాత్ర మందరును ఉమ్మడి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చెన్నపట్టణమునుండి 140 మంది సభ్యులు కర్నూలునకు వచ్చిరి. 1955 ఎన్నికల నాటికి ఆ సంఖ్య 196కు పెరిగెను. నియోజకవర్గములు మాత్రము 167. అనగా 29 చోట్ల ఇద్దరేసి సభ్యులు. 1957లో తెలంగాణమున 85 నియోజకవర్గములనుండి 105 మంది ఎన్నికైరి. ఆంధ్రప్రాంతమువారు 1955లో ఎన్నికైన వారే కొనసాగుచుండుటచే ఆ యేట వారికి శాసనసభ ఎన్నిక లేదు. ఒకే శాసనసభలో సగమునకు మించినవారు ఒక యేట, తక్కినవారు మరొక యేట ఎన్నికైనవారు కూర్చుండుట మన చరిత్రలో ఒక వింత.

ద్విసభ్య పద్ధతిలోని చిక్కును లోకమునకు తెలిపినది మన పార్వతీపురమే. 1957లో ఆ లోకసభ నియోజకవర్గమున శ్రీ వి. వి. గిరి సామాన్య స్థానమునకు పోటీ చేసిరి. గిరిజన అభ్యర్థులిద్దరు హెచ్చు వోట్లు పొందుటచే, ఒకరు ప్రత్యేక స్థానమునకు, మరియొకరగు శ్రీ దిప్పల సూరిదొర సామాన్య స్థానమునకు ఎన్నికైనట్లు ప్రకటింపబడిరి. శ్రీ గిరి సుప్రీము కోర్టువరకు పోయిరి. గిరిజనుడు సామాన్య స్థానమునకు అనర్హుడు కాడని 1959లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ తీర్పు ధర్మమైనదని మా అభిప్రాయము. ప్రత్యేక స్థానము అడుగునకు మెట్టు గాని తలకు కప్పు కాదు. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గములను రద్దుచేసెను. 1962లో 300 నియోజకవర్గములనుండి ఒక్కొక్క సభ్యుడే ఎన్నికయ్యెను. అంతకుముందు 301 స్థానములుండెను. 1960లో తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు పోవుటతో ఒకటి తగ్గెను. ఒక గుడి కొండతోపాటు శాసనసభలో ఒక కుర్చీ కూడ తరలిపోయెననుట.

కదలని ఎల్లలు

పది యేండ్లకొకసారి జనాభా లెక్కలు తీసిన పిమ్మట నియోజకవర్గములను మరల ఏర్పరుపవలయునని రాజ్యాంగకర్తల సంకల్పము. 1952, 1962, 1972 సంవత్సరములలో ఇందులకు చట్టములు చేయబడెను. 1967లో మన స్థానములు 287 ఆయెను. 1971 జనాభా లెక్కలపై జరిగిన నిర్ణయముచే 1978 ఎన్నికలకు 294 ఆయెను. అంతటితో గడియారము నిలిచిపోయెను. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ స్థానముల సంఖ్యను 2000 తరువాతి మొదటి జనాభా లెక్కలవరకు మార్చరాదనెను. 2001 నాటి 84వ సవరణ ఆ గడువును 2026 తరువాతి మొదటి జనాభా లెక్కలవరకు పొడిగించెను.

దీనికి కారణము లేకపోలేదు. కుటుంబ నియంత్రణమును శ్రద్ధతో పాటించిన దక్షిణాది రాష్ట్రములు, ఆ శ్రద్ధ వలననే లోకసభలో స్థానములు పోగొట్టుకొనుట న్యాయము కాదు. ఈ వాదమును మేము పూర్తిగా బలపరచుచున్నాము. కాని రాష్ట్రముల నడుమ పంపకము వేరు. ఒక రాష్ట్రములోని ఎల్లలు వేరు. మొదటి దానిని కాపాడుటకై రెండవ దానిని కూడ సంకెలలో నుంచుటచే ఏమైనదో చూడుడు. 1978 మొదలు 2004 వరకు ఏడు సార్వత్రిక ఎన్నికలు ఒకే ఎల్లలలో జరిగినవి. పల్లెలు ఖాళీయై హైదరాబాదు చుట్టు కాలనీలు వెలసినను గీత కదలలేదు. ఒకచోట ప్రత్యేకింపబడిన స్థానము ముప్పదియేండ్లు ప్రత్యేకముగానే ఉండెను. పొరుగువారికి ఆ అవకాశము రానేలేదు.

2003 నాటి 87వ సవరణ 2001 జనాభా లెక్కలపై లోపలి ఎల్లలను మాత్రము మార్చుకొన ననుమతించెను. జస్టిస్ కులదీప్ సింగు అధ్యక్షతను గల సంఘము ఆ పని నెరవేర్చెను. 2009 ఎన్నికలు క్రొత్త ఎల్లలలో జరిగినవి. మొత్తము 294 మారలేదు. లోపల మాత్రము పెద్ద మార్పే. గుంటూరు జిల్లాకు 19 స్థానములు 17 ఆయెను; శ్రీకాకుళమునకు 12 పోయి 10 మిగిలెను; హైదరాబాదునకు 13 ఉండగా 15 ఆయెను. దుగ్గిరాల, కూచినపూడి, సోంపేట, హిమాయత్‌నగరు అను పేర్లు పటమునుండి మాసిపోయెను. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఉప్పల్, పలాస వంటివి వెలసెను. షెడ్యూల్డు కులముల స్థానములు 39 నుండి 48కి, తెగల స్థానములు 15 నుండి 19కి పెరిగెను. ఎదురుచూచిన న్యాయము ఆలస్యముగా నైనను చేకూరెను.

ఈ నిర్ణయముల విధానమును పాఠకు లెరుగుట అవసరము. సంఘమునకు ప్రతి రాష్ట్రమునుండి ఐదుగురు లోకసభ సభ్యులు, ఐదుగురు శాసనసభ్యులు సహాయకులుగా నుందురు. కాని వారికి వోటు లేదు. ముసాయిదాను ప్రకటించి, ఆక్షేపణలను స్వీకరించి, బహిరంగ సభలలో ప్రజల మాట వినవలయును. తుది ఉత్తర్వు వెలువడిన పిమ్మట దానికి చట్టము బలము కలుగును. కావున మాటాడదలచినవారు ముసాయిదా నాడే మాటాడవలయును. ఎన్నికల నాడు వగచిన ప్రయోజనము లేదు.

భద్రాచలపు గాథ

ఎల్ల మారుటచే ప్రజల కేమగునో తెలియవలెనన్న భద్రాచలమును చూడవలయును. ఈ రాముని క్షేత్రము తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2014 ఏప్రిలు 30వ తేదీన అచ్చటి ప్రజలు తెలంగాణ శాసనసభకు వోటు వేసిరి. నెల తిరుగకముందే, పోలవరము ప్రాజెక్టు కారణముగా, ఆ ప్రాంతపు ఏడు మండలముల గ్రామములు ఆంధ్రప్రదేశమునకు చెందునని ఆర్డినెన్సు వెలువడెను. భద్రాచలము ఊరు తెలంగాణమున మిగిలెను. ఊరి నానుకొనియున్న ఎటపాక ఆంధ్రప్రదేశమునకు పోయెను.

చింతూరు, కూనవరము గిరిజను లెన్నుకొన్న శాసనసభ్యుడు ఒక రాష్ట్ర శాసనసభలో కూర్చుండెను. వారిని పాలించు కలెక్టరు మరియొక రాష్ట్రమువాడు. 2018లో తెలంగాణ ఎన్నికలు జరిగినప్పుడు వారికి అందులో వోటు లేదు. 2019లో గాని రంపచోడవరము, పోలవరము నియోజకవర్గములలో వారు వోటు వేయలేదు. ఇండ్లు, పొలములు నీట మునుగనున్న ప్రజలు, నష్టపరిహారము కొరకు గొంతెత్తవలసిన ఆ యేండ్లలోనే, తమను పాలించు రాష్ట్ర శాసనసభలో తామెన్నుకొన్న ప్రతినిధి లేకుండిరి. ఏ ఎల్ల మార్చినను, ఆ దినముననే ప్రాతినిధ్యమును గూడ నిర్ణయింపవలయునను పాఠమును ఇది బోధించుచున్నది.

ఇక రెండవ ఫలితము. మండలములు పోవుటచే భద్రాచలము నియోజకవర్గము చిక్కిపోయెను. 2023 ఎన్నికలలో అచ్చట వోటర్లు సుమారు లక్షన్నర. శేరిలింగంపల్లిలో ఏడు లక్షలకు మించినవారు. ఇద్దరును ఒక్కొక్క సభ్యునే పంపిరి. కొండకోనలలోని ఏజెన్సీకి కొంత సడలింపు ఉండవలసినదే. దూరమును, దారిద్ర్యమును లెక్కింపవలసినదే. కాని ఒకరి వోటు మరియొకరి వోటునకు దాదాపు ఐదింతలగుట సడలింపు కాదు, ఏమరుపాటు.

మా అభిప్రాయము

2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టము ఆంధ్రప్రదేశ్ స్థానములను 175 నుండి 225కు, తెలంగాణ స్థానములను 119 నుండి 153కు పెంచవచ్చుననెను. కాని 170వ అధికరణమునకు లోబడి యనెను. 2022లో జమ్మూ కాశ్మీరమునకు స్థానములు 83 నుండి 90కి పెరుగగా, తెలుగు రాష్ట్రములకు ఏల పెంపరాదని వచ్చిన అర్జీని 2025 జూలైలో సుప్రీము కోర్టు త్రోసిపుచ్చెను. 2026 తరువాతి జనాభా లెక్కలవరకు రాజ్యాంగము అడ్డుపడుచున్నదనెను. చట్టము చేతితో ఇచ్చి, ‘లోబడి’ యను మాటతో తిరిగి పుచ్చుకొన్నట్లయినది. స్త్రీలకు మూడింట నొకవంతు స్థానములిచ్చు 2023 నాటి 106వ సవరణ సయితము జనాభా లెక్కలకు, పునర్విభజనకు ముడివేయబడినది.

కావున మా అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. లోకసభలో రాష్ట్రముల వాటా విషయమున దక్షిణాదికి హాని కలుగరాదు. రాష్ట్రములలోపలి ఎల్లలను మాత్రము ప్రతి జనాభా లెక్కల పిమ్మట తప్పక సవరింపవలయును. ప్రత్యేక స్థానములు ఒకే ఊరికి శాశ్వత ముద్ర కాకుండ వంతులవారీగా తిరుగవలయును. జిల్లాల ఎల్లలను ప్రభుత్వములు మార్చునప్పుడు నియోజకవర్గములను చూచుకొనవలయును. తెలంగాణమున 2016లో జిల్లాలు మారినప్పుడు ఒక శాసనసభ్యుడు ఇద్దరు ముగ్గురు కలెక్టర్ల చుట్టు తిరుగవలసిన స్థితి పెక్కుచోట్ల ఏర్పడెను. అన్నిటికి మించి, ముసాయిదా తెలుగున అచ్చువేసి ప్రతి పంచాయతీ కార్యాలయము గోడకు అంటింపవలయును.

పొలము గట్టును కాపాడుకొనుట మన రైతునకు తాతలనాటి విద్య. ఆ జాగరూకతలో నాలుగవ వంతు వోటు ఎల్లలపై చూపినచో, గీత గీయువారు సయితము జాగ్రత్తగా గీతురు. క్రొత్త ముసాయిదా వెలువడు నాటికి ప్రతి గ్రామము తన మాటను సిద్ధపరచుకొని యుండవలయునని మేము హెచ్చరించుచున్నాము.