జీపు ఎందుకు మూలుగుతుంది?

జీపు కిందికి వంగి చూడండి. వెనక ఇరుసు నడిమిన పెద్ద సంగటి ముద్దంత ఇనుప బుర్ర ఉంటుంది. అదే డిఫరెన్షియల్. హార్స్‌లీ హిల్స్ మలుపుల్లో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాల, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దేది ఇదే. ఫోర్‌వీల్ జీపుకు ముందొకటి, వెనకొకటి.

పుంగనూరు షెడ్డులో పనిచేసే మా మామ చెవితోనే రోగం పట్టేస్తాడు. తిన్నగా పోతా ఉన్నప్పుడు మూలిగితే క్రౌన్, పినియన్ పళ్లో, బేరింగులో అరిగినట్టు. మలుపులోనే చప్పుడైతే లోపలి చిన్న స్టార్ గేర్లు. గేరు వేయగానే 'టక్' అంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసు చూడాల, అది చవక. ఆయిల్ దించితే ఇనుప రజను కనబడిందా, ఇంక విప్పాల్సిందే.

విప్పకుండా నడిపితే ఏమవుతుంది? పన్ను విరిగి చక్రాలు బిగుసుకుపోవచ్చు. కుప్పం పక్క అడివి దారిలో, రాత్రిపూట, కాన్పు మనిషి జీపులో ఉంటే?

క్రౌన్, పినియన్ జతగానే మార్చాల. పళ్లకు రంగు పూసి తిప్పితే గుర్తు పన్ను నడిమిన పడాల. పడకపోతే షిమ్ములనే పల్చని రేకులతో సర్దుతారు. ఈ పనికే ఎక్కువ పొద్దు పడుతుంది. ముందు, వెనక పళ్ల లెక్క కలవాల. ఆయిల్ 90 నంబరుది. ఇంజనాయిల్ పోస్తే మామ కేకలేస్తాడు.