కనెక్షన్లు పంచుకుంటేనే వేగం, హద్దు లేకపోతే ప్రమాదం

రాయ్‌పూర్‌లోని తెలీబంధా చెరువు గట్టును అక్కడివాళ్లు మెరైన్ డ్రైవ్ అంటారు. అక్కడ టీ తాగినవారు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు పంపితే, ఆ సమాచారం యాప్, రెండు బ్యాంకులు, వాటి మధ్య ఉన్న ఎన్‌పీసీఐ వ్యవస్థల గుండా క్షణాల్లో తిరిగొస్తుంది. దేశంలో ఇలాంటి యూపీఐ లావాదేవీలు 2025 ఆగస్టులో తొలిసారి ఒక్క నెలలో 2 వేల కోట్లు దాటాయి.

ఇంత రద్దీని ఒక్క కంప్యూటర్ మోయలేదు. అందుకే చాలా సర్వర్లు జట్టుగా పనిచేస్తాయి. ఈ జట్టే క్లస్టర్. అందులో లాగిన్‌కు ఒక సర్వీసు, బ్యాలెన్స్ చూపడానికి ఇంకొకటి, డబ్బు బదిలీకి మరొకటి ఉంటాయి. ఇవన్నీ నెట్‌వర్క్ మీద డేటాబేస్‌తోనూ, తమలో తామూ మాట్లాడుకోవాలి.

ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరవడం ఖర్చుతో కూడిన పని. అసలు సమాచారం కదలడానికి ముందే టీసీపీ పద్ధతిలో మూడు సందేశాలు అటూ ఇటూ నడవాలి. ఎన్‌క్రిప్షన్ ఉంటే మరికొన్ని. డేటాబేస్‌పై భారం ఇంకా ఎక్కువ. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఒక ప్రాసెస్ నడుస్తుంది. మార్చకపోతే దాని పరిమితి సాధారణంగా 100 కనెక్షన్లే. 40 సర్వర్లు తలా పది తెరిస్తే 400 అవుతాయి!

దీనికి పరిష్కారం కనెక్షన్ పూల్. కొన్ని కనెక్షన్లను ముందే తెరిచి ఉంచుతారు. అవసరమైన సర్వీసు ఒకటి తీసుకుని, పని కాగానే తిరిగి ఇచ్చేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కు పీజీబౌన్సర్ ఈ పని చేస్తుంది. ఒక్కో ప్రశ్నకు 5 మిల్లీసెకన్లు పడితే, 50 కనెక్షన్లు సెకనుకు 10 వేల ప్రశ్నలకు జవాబివ్వగలవు. సర్వీసుల మధ్య మాటలకైతే 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ/2 ఒకే కనెక్షన్‌పై అనేక అభ్యర్థనలను ఒకేసారి నడిపిస్తుంది.

అయితే పంచుకున్నది ఏదైనా ఒకరే ఆక్రమించుకునే వీలుంది. అదే ప్రశ్నకు 500 మిల్లీసెకన్లు పట్టడం మొదలైతే, ఆ 50 కనెక్షన్ల సామర్థ్యం సెకనుకు వందకు పడిపోతుంది. మిగతా సర్వీసులు క్యూలో నిలబడతాయి. జవాబు రాలేదని యాప్‌లు మళ్లీ మళ్లీ అడుగుతాయి. దాంతో క్యూ ఇంకా పెరుగుతుంది.

2025 ఏప్రిల్ 12న యూపీఐ స్తంభించినప్పుడు జరిగింది ఇలాంటిదే. లావాదేవీ ఏమైందో ఆరా తీసే అభ్యర్థనలను కొన్ని బ్యాంకులు వెల్లువలా పంపడమే కారణమని ఎన్‌పీసీఐ తేల్చింది. అంటే ఆరా తీసే పని అసలు చెల్లింపులకే అడ్డుపడింది. ఆ ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లే బ్యాలెన్స్ చూసుకునేలా పరిమితి వచ్చింది.

ఇంజినీర్లు క్లస్టర్ లోపల పాటించే సూత్రమూ ఇదే. ఒక గదిలోకి నీరు వచ్చినా ఓడంతా మునగకుండా అడ్డుగోడలు కట్టినట్టు, ప్రతి సర్వీసుకూ పూల్‌లో కొంత వాటా కేటాయిస్తారు. కనెక్షన్‌ను ఎంతసేపు పట్టుకోవచ్చో గడువు పెడతారు. మళ్లీ అడగడానికి ముందు కొంత విరామం, ఎన్నిసార్లు అడగాలో లెక్క ఉండేలా చూస్తారు.

పూల్ సైజు పెంచడం తేలిక. కానీ డేటాబేస్ సామర్థ్యం దాటితే దానివల్ల ఒరిగేదేమీ లేదు. రద్దీ వేళ ఏ సర్వీసు ఆగినా పర్వాలేదు, ఏది ఆగకూడదు అన్నది ముందే తేల్చుకోవాలి. బ్యాలెన్స్ కాసేపు కనిపించకపోతే విసుగు మాత్రమే. డబ్బు కదలకపోతే చిరువ్యాపారికి ఆ పూట బేరమే పోతుంది.