గాలికి ఒక లెక్క, వానకు ఒక లెక్క

పులివెందుల వైపు అరటి తోటలున్న రైతులు ఎండాకాలంలో ఎక్కువగా భయపడేది ఈదురుగాలికి. గెలలు బరువెక్కిన చెట్లు ఒక్క సాయంత్రం గాలికి నేలమట్టమవుతాయి. జమ్మలమడుగు నల్లరేగళ్లలో బుడ్డశనగ వేసినవాళ్ల బాధ ఇంకోటి. పంట కోసి కల్లంలో పోశాక చిన్న జల్లు పడినా గింజ రంగు మారుతుంది, ధర తగ్గుతుంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి కాగానే చేరే పిల్లలకు ఇలాంటి ఇళ్లు కొత్త కాదు. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ కంప్యూటరులో వాతావరణ హెచ్చరిక తయారు చేయాలనుకునే విద్యార్థి, అది ఎవరికి పనికిరావాలో ముందు తేల్చుకుంటే మిగతా దారి సులువవుతుంది.

పని పెద్దదేమీ కాదు. పైథాన్‌లో యాభై అరవై వరుసలు చాలు. ఇంటర్నెట్లో ఉన్న ఒక సేవను వివరాలు అడగాలి, వచ్చిన అంకెలను మనం పెట్టుకున్న హద్దుతో పోల్చాలి, దాటితే తెర మీద సందేశం చూపాలి. అడగడానికి రిక్వెస్ట్స్, సందేశం చూపడానికి ప్లయర్ అనే లైబ్రరీలున్నాయి. వివరాలిచ్చే సేవల్లో ఓపెన్-మీటియో కొత్తవాళ్లకు అనువైనది. వ్యాపారానికి కాకపోతే ఉచితం, పేరు నమోదు కూడా అక్కర్లేదు.

దాన్ని ఊరి పేరుతో కాకుండా అక్షాంశ రేఖాంశాలతో అడగాలి. ఇడుపులపాయ దాదాపు 14.3, 78.5. ప్రొద్దుటూరు రేఖాంశం కూడా ఇంచుమించు అదే, అక్షాంశం మాత్రం 14.75. ఆ చిన్న తేడాకే నేల మీద నలభై కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది. అందుకే పట్టణానివి కాకుండా తోటవే ఇవ్వాలి. జవాబులో గంటల జాబితా ఒకటి, వాన జాబితా ఒకటి, గాలి జాబితా ఒకటి వస్తాయి. ఒకే వరుస సంఖ్యలో ఉన్నవన్నీ ఒకే గంటకు చెందినవి. మన కాలమానం కావాలని ప్రత్యేకంగా అడగకపోతే గ్రీనిచ్ సమయం వస్తుంది. సాయంత్రం నాలుగున్నర గాలి ఉదయం 11 గంటలకని కనిపిస్తుంది. హెచ్చరికకు ఇంతకన్నా హాని లేదు.

హద్దు ఎంత పెట్టాలన్నదే అసలు విషయం. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ. కల్లం ఉన్నవాళ్లు ఆ అంకె కోసం ఎదురుచూస్తే పంట మిగలదు. ఒక మిల్లీమీటరు సూచన ఉన్నా పట్టలు కప్పుకోవాల్సిందే. అరటికైతే సగటు గాలి వేగం చూస్తే చాలదు, విసురుగా వచ్చే గాలి వేగం చూడాలి. ఓపెన్-మీటియో రెండింటినీ విడిగా ఇస్తుంది. పాత రోజుల లెక్కలూ దాని దగ్గరుంటాయి. కిందటేడు చెట్లు పడిన రోజేదో ఇంట్లో అడిగి, ఆ రోజు అంకె చూసి, దానికి కొంచెం కిందగా హద్దు పెట్టడం మంచి పద్ధతి. ఈ అంకెలు కొన్ని కిలోమీటర్ల గడికి ఒకటిగా వేసిన అంచనాలు. ఒక చేను మీద విరుచుకుపడే ఉరుముల గాలిని అవి పట్టలేకపోవచ్చు. కాబట్టి విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు పంపే పిడుగు హెచ్చరికలను చూడడం మానుకోకూడదు.

గంటకోసారి నడిచే ప్రోగ్రాం ఒకే గాలి గురించి పదేపదే మొత్తుకుంటే ఇంట్లోవాళ్లు దాన్ని ఆపేస్తారు. చెప్పిన హెచ్చరికను చిన్న ఫైలులో రాసుకుని మళ్లీ చెప్పకుండా చూడాలి. నెట్ పోయినప్పుడు మాత్రం ఊరుకోకూడదు. సమాచారం అందలేదని తెరపై చెప్పాలి. లేకపోతే ఏ ముప్పూ లేదని అనుకుంటారు.

ఇడుపులపాయ దగ్గర ఇంకో మెలిక ఉంది. గండి క్షేత్రం పక్కనుంచి, వేంపల్లె మీదుగా పారే పాపాగ్ని కర్ణాటకలోని నంది కొండల వైపు పుట్టింది. 2021 నవంబరు వరదలకు కమలాపురం దగ్గర ఈ నది మీది వంతెన కూలింది. ఏటి పక్క పొలమున్నవాళ్లకు సొంత ఊరి వాన ఒక్కటే చూస్తే సరిపోదు. ఎగువన గాలివీడు, వెలిగల్లు వైపు వాన కూడా చూడాలి. అడిగే పనిని మొదటి నుంచీ ఒక ఫంక్షన్‌గా రాసుకుంటే, రెండో చోటు అంకెలతో దాన్ని ఇంకోసారి పిలవడమే అదనపు పని. దానికి రెండు వరుసలు చాలు.